కడలి గుట్టు వినే ఉదయగిరి

నెల్లూరు జిల్లా ఉదయగిరి పేరు చెబితే రెండు సంగతులు గుర్తొస్తాయి. ఒకటి కొండకోట. 1513లో ముట్టడి మొదలుపెట్టిన శ్రీకృష్ణదేవరాయలు మరుసటి ఏడాదికి గానీ దాన్ని గజపతుల చేతుల్లోంచి లాక్కోలేకపోయాడు. రెండోది, అక్కడి కళాకారులు కర్రతో చెక్కే చెంచాలు, గరిటెలు. సముద్రంతో ఆ ఊరికి పెద్దగా పనిలేదు. అయినా ఆ కొండల పేరు మోస్తూ 149 మీటర్ల యుద్ధనౌక ఒకటి ఇప్పుడు నౌకాదళం తూర్పు బలగంలో ఉంది.

2025 ఆగస్టు 26న విశాఖపట్నంలో రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ సమక్షంలో ‘ఐఎన్‌ఎస్ ఉదయగిరి’, ‘ఐఎన్‌ఎస్ హిమగిరి’ ఒకే వేదిక మీద విధుల్లో చేరాయి. ఉదయగిరిని కట్టింది ముంబయిలోని మజగావ్ డాక్. హిమగిరిని కట్టింది కోల్‌కతాలోని గార్డెన్ రీచ్. రెండు వేర్వేరు రేవుల్లో పుట్టిన ఇంత పెద్ద యుద్ధనౌకలు ఒకేరోజు దళంలో చేరడం అదే మొదటిసారి. పైగా నౌకాదళం సొంత డిజైన్ విభాగం గీసిన నౌకల్లో ఉదయగిరిది నూరో నంబరు.

మర్నాడు పత్రికలన్నీ ఆయుధాల చిట్టా అచ్చేశాయి. ఎనిమిది బ్రహ్మోస్ క్షిపణులు, ఆకాశం నుంచి వచ్చేవాటిని కూల్చే 32 క్షిపణులు, 76 మిల్లీమీటర్ల ఫిరంగి, టోర్పెడోలు, రాకెట్ లాంచర్లు. అబద్ధమేమీ లేదు. కానీ ఫ్రిగేట్ అనే జాతి ఓడ ఈ కాలంలో మళ్లీ పుట్టింది పేల్చడానికి కాదు, వినడానికి. నీళ్లడుగున దాక్కున్న జలాంతర్గామి అలికిడిని పసిగట్టడం దాని అసలు కొలువు. ఆ పని సరిగ్గా చేతకాకపోతే ఏమవుతుందో భారత నౌకాదళానికి చాలా గట్టిగా తెలుసు.

బొంబాయి టేకు, ఇంగ్లండు రేవు

తెరచాపల కాలంలో సముద్రాన్ని ఏలినవి రెండు మూడు అంతస్తుల ఫిరంగులు మోసే మహానౌకలు. వాటి ముందు ఫ్రిగేట్ చిన్నది. ఫిరంగుల ప్రధాన వరస ఒక్కటే. కానీ వేగం ఎక్కువ, ఖర్చు తక్కువ. శత్రువు జాడ తీయడం, వార్త మోసుకురావడం, వర్తక ఓడలకు తోడు వెళ్లడం, దొరికితే ఎదుటివాడి సరుకు పట్టుకోవడం, అన్నీ దాని మీదే పడేవి. పెళ్లిపీటల మీద కూర్చోకపోయినా పందిరి గుంజ నుంచి పప్పుచారు దాకా చూసుకునే మేనమామ లాంటిదన్నమాట.

1798లో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ మధ్యధరా సముద్రంలో నెపోలియన్ నౌకల కోసం వెతుకుతూ తిరిగాడు. తుపానుకు ఆయన ఫ్రిగేట్లు చెదిరిపోయాయి. జూన్‌లో ఓ రాత్రి ఫ్రెంచి దళానికి దగ్గరగానే సాగిపోయి కూడా దాన్ని కనిపెట్టలేకపోయాడు. ఫ్రిగేట్లు లేని బాధ తన గుండె మీద చెక్కి ఉంటుందన్న అర్థంలో ఆ ఏడాది ఆయన రాసుకున్నాడు కూడా. మహానౌకలెన్ని ఉన్నా కళ్లూ చెవులూ లేకపోతే అంతే సంగతులు.

ఆ తరం ఫ్రిగేట్లలో ఒకటి ఇంకా నీటి మీద తేలుతోంది. దాని పేరు ‘ట్రింకోమలీ’. ఉన్నది ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో, పుట్టింది మాత్రం బొంబాయిలో. నెపోలియన్ యుద్ధాలతో అక్కడ ఓక్ కలప కరవైంది. దాంతో బొంబాయి రేవులో పార్సీ నౌకానిర్మాత జంషెడ్జీ బొమన్‌జీ వాడియా చేత టేకుతో కట్టించారు. డిజైన్ పత్రాలు మొదటిసారి బయల్దేరిన ‘జావా’ అనే నౌకను 1812లో అమెరికన్ ఫ్రిగేట్ ‘కాన్‌స్టిట్యూషన్’ దెబ్బతీసింది. పత్రాలు దానితోపాటే పోయాయి. మరో ప్రతి పంపితే గానీ పని మొదలుకాలేదు. 1817 అక్టోబరు 12న ఆ టేకు ఓడ జలప్రవేశం చేసింది. ఉదయగిరి పుట్టిన మజగావ్ ఆ పాత రేవుకు ఎంతో దూరంలో లేదు.

ఆవిరి, ఇనుము రంగంలోకి దిగాక ఫ్రిగేట్ అన్న మాటే నౌకాదళాల జాబితాల్లోంచి జారిపోయింది. క్రూయిజర్లు ఆ చోటు ఆక్రమించాయి. తిరిగి పిలుపు వచ్చింది రెండో ప్రపంచయుద్ధంలో. అట్లాంటిక్‌లో జర్మన్ యూ-బోట్లు సరుకు ఓడలను వరసపెట్టి ముంచేస్తుంటే, వాటి వెంట రోజుల తరబడి కాపలా వెళ్లగల ఓడలు బ్రిటన్‌కు కావాల్సి వచ్చాయి. డిస్ట్రాయర్లు చాలినన్ని లేవు. చిన్న కార్వెట్లు మహాసముద్రపు కెరటాలకు తట్టుకోవడం కష్టం. ఆ రెండింటికీ నడుమ, నీళ్లడుగు శబ్దాలు వినే సోనార్ యంత్రాలతో, లోతుబాంబులతో కట్టినవాటికి పాత పేరు మళ్లీ పెట్టారు. ఇవాళ్టి ఫ్రిగేట్లన్నీ ఆ వంశమే.

ఖుక్రీ

1971 యుద్ధం అనగానే విశాఖ ముంగిట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ తెలుగువాళ్లకు గుర్తొస్తుంది. దాని మీద సినిమా వచ్చింది. ఆర్కే బీచ్‌లో విజయస్తూపం ఉంది. ఆ తర్వాత వారం తిరగకముందే అరేబియా సముద్రంలో జరిగినది మాత్రం అంతగా చెప్పుకోం. ఓటమి కథ కాబట్టి కాబోలు.

డిసెంబరు 9. దీవ్ తీరానికి దూరంగా పాక్ జలాంతర్గామి ‘హంగోర్’ తచ్చాడుతోందని తెలిసి, వేటాడి రమ్మని ఖుక్రీ, కృపాణ్ అనే రెండు ఫ్రిగేట్లను పంపారు. మూడో నౌక కుఠార్ మరమ్మతులో ఉండిపోయింది. మూడూ బ్రిటన్‌లో తయారైనవే, మూడూ జలాంతర్గాముల వేటకే పుట్టినవి. చిక్కంతా ఎక్కడంటే, వేటాడేవాడి చెవి కన్నా వేట జంతువు చెవి పదునుగా ఉంది. ఫ్రాన్స్‌లో తయారైన హంగోర్ ఈ నౌకల కదలికను ఎంతో ముందే పట్టేసింది. ఖుక్రీలో సోనార్ శక్తిని పెంచే ఓ పరికరాన్ని పరీక్షిస్తున్నారు. నౌక వేగంగా పోతుంటే దాని సొంత రొదే చెవుల్లో హోరెత్తుతుంది కాబట్టి బాగా వినాలంటే నెమ్మదించాలి. నెమ్మదిస్తే టోర్పెడోకు తేలికైన గురి. ఆ రాత్రి ఖుక్రీ నెమ్మదిగానే వెళ్తోంది.

హంగోర్ మొదటి టోర్పెడోను కృపాణ్ మీదకు వదిలింది. అది పేలలేదు. రెండోది ఖుక్రీని తాకింది. నిమిషాల్లో నౌక మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. తప్పించుకునే వీలున్నా కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను వదిలి రాలేదు. మరణానంతరం ఆయనకు మహావీరచక్ర ప్రకటించారు.

యుద్ధంలో ఎవరి పొరపాటు ఎంతన్నది నౌకాదళ వర్గాలు ఇప్పటికీ తర్జనభర్జన పడే విషయమే. కానీ వినికిడి యంత్రం నాసిగా ఉన్న నౌకను జలాంతర్గామి వేటకు పంపితే ప్రాణాలతో చెల్లించాల్సి వస్తుందన్నది మాత్రం ఆ రాత్రే తేలిపోయింది.

అరువు గీతల నుంచి సొంత గీతల దాకా

అప్పటికే మజగావ్ డాక్‌లో మరో కథ నడుస్తోంది. బ్రిటన్ ‘లియాండర్’ తరహా ఫ్రిగేట్ డిజైన్‌ను తెచ్చుకుని ఇక్కడే కట్టడం మొదలుపెట్టారు. 1968 అక్టోబరు 23న ప్రధాని ఇందిరాగాంధీ చేతుల మీదుగా జలప్రవేశం చేసిన మొదటి నీలగిరి 1972 జూన్ 3న దళంలో చేరింది. ఆ వెనక హిమగిరి, ఉదయగిరి, దునగిరి, తారాగిరి, వింధ్యగిరి. ఇప్పటి నౌకలకు కొండల పేర్లు అలా వారసత్వంగా వచ్చినవే.

ఈ ఆరింటిలో మొదటిదానికీ చివరిదానికీ తేడా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. నీలగిరి దాదాపు బ్రిటిష్ నకలు. తారాగిరి, వింధ్యగిరిల దగ్గరకు వచ్చేసరికి మనవాళ్లు వెనకభాగాన్ని తిరగరాసి, పెద్ద సీకింగ్ హెలికాప్టర్ దిగేలా మార్చేశారు. ఖుక్రీ తర్వాత హెలికాప్టర్ విలువ బోధపడింది మరి. తర్వాతి అడుగు ఐఎన్‌ఎస్ గోదావరి. 1983 డిసెంబరు 10న చేరిన ఈ నౌక పొట్టలో సోవియట్ క్షిపణులు, పాశ్చాత్య యంత్రాలు, దేశీయ ఎలక్ట్రానిక్స్ కలిసి కాపురం చేశాయి. ఒకరి భాష ఒకరికి తెలియని యంత్రాలను ఒక్క గూటికి చేర్చడం డిజైనర్లకు పెద్ద పరీక్షే. రెండు సీకింగ్‌లను మోసేలా దాన్ని తీర్చిదిద్దారు.

గోదావరి 1986లో న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమ శతాబ్ది నౌకా ప్రదర్శనకు వెళ్లి షోకు చేసింది. అసలు సత్తా చూపింది 1988 నవంబరులో. మాల్దీవుల్లో కుట్ర విఫలమయ్యాక కిరాయి సైనికులు ‘ప్రోగ్రెస్ లైట్’ అనే సరుకు ఓడను ఎక్కి, బందీలను వెంటేసుకుని పారిపోయారు. గోదావరి, బేత్వా వెంటపడ్డాయి. హెచ్చరించాయి, ఓడ ముందు లోతుబాంబులు వేయించాయి, చివరికి ఫిరంగి పేల్చి ఆపాయి. ఓడను లోబరచుకుని, బతికున్న బందీలను విడిపించారు. పెద్ద యుద్ధాలు లేని రోజుల్లో ఫ్రిగేట్ బతుకు ఇదే: వెంటాడటం, అడ్డగించడం, ఓడలెక్కి సోదా చేయడం, తుపాను వచ్చిన ఊళ్లకు మంచినీళ్లు మోయడం.

ఆ తర్వాత బ్రహ్మపుత్ర తరగతి, 2010లో రాడార్‌కు తేలిగ్గా చిక్కని శివాలిక్, మధ్యమధ్య రష్యా నుంచి కొన్న తల్వార్ తరగతి వచ్చాయి. 2025 జూలై 1న రష్యాలోని కలినిన్‌గ్రాద్‌లో చేరిన తమాల్, విదేశంలో కట్టించుకునే యుద్ధనౌకల్లో ఆఖరిదని నౌకాదళం ప్రకటించింది. తమాల్‌ది ఒక వింత జాతకం. ఓడ రష్యాది, లోపలి గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌వి. ఆ రెండు దేశాలూ కొట్టుకుంటున్న రోజుల్లోనే అది పూర్తయింది.

నూరు సెకన్లు

ఉదయగిరిని పక్కనుంచి చూసినవాళ్లకు మొదట కొట్టొచ్చినట్టు కనపడేది దాని నున్నదనం. పాత నౌకల మీద కనిపించే తీగలు, మెట్లు, పడవలు, గొట్టాల గందరగోళం ఉండదు. గోడలు నిట్టనిలువుగా కాక ఏటవాలుగా ఉంటాయి. రెండు పలకలు సరిగ్గా మూలమట్టంగా కలిసిన చోట రాడార్ తరంగం తగిలితే వచ్చిన దారినే వెనక్కి పోయి నౌక ఆచూకీ చెప్పేస్తుంది. పలకలు వాలుగా ఉంటే తరంగం పక్కకు చెదిరిపోతుంది. 6,670 టన్నుల నౌక మాయమైపోదు గానీ, శత్రువు తెర మీద చిన్న ఓడలా కనిపించినా చాలు, క్షిపణిని ఏమార్చే వీలు పెరుగుతుంది. చిమ్నీ పొగ వేడిని తగ్గించేది కూడా అందుకే.

ఇంత తాపత్రయం ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి అలలకు అయిదు మీటర్ల ఎత్తున దూసుకొచ్చే క్షిపణి, ముప్ఫై మీటర్ల ఎత్తు స్తంభం మీది రాడార్‌కు కూడా దాదాపు 30 కిలోమీటర్ల దూరానికి వస్తే గానీ కనపడదు. ధ్వని వేగానికి కాస్త తక్కువలో వచ్చేదైతే చేతిలో ఉండేది సుమారు నూరు సెకన్లు. బ్రహ్మోస్ వంటి వేగం ఉన్నదైతే అరనిమిషం. ఆ వ్యవధిలోనే గుర్తించాలి, మనదా పరాయిదా తేల్చాలి, ఎదురు క్షిపణి వదలాలి. అది తప్పితే నిమిషానికి వేల గుళ్లు కురిపించే 30 మిల్లీమీటర్ల తుపాకులే దిక్కు. అందుకే కంప్యూటర్‌కు ఇంత పెత్తనం.

అయితే గాలిలో శత్రువును కనిపెట్టడం ఒక ఎత్తు, నీళ్లలో మరో ఎత్తు. రాడార్ తరంగాలు నీటిలో ముందుకు సాగవు. శబ్దమే దిక్కు. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది, గాలిలో కన్నా నాలుగు రెట్ల పైమాటే. కానీ అది తిన్నగా పోదు. నీటి వెచ్చదనం, ఉప్పదనం, లోతు మారినచోటల్లా వంగుతుంది. బంగాళాఖాతం ఈ విషయంలో మరీ పెంకిది. వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు పైపొరలో తేలుతూ ఉంటుంది, కింద ఉప్పునీరు. ఆ పొరల హద్దు దగ్గర నౌక సోనార్ పంపిన శబ్దం వంగిపోతే, కింద నీడలాంటి చోటు మిగులుతుంది. తెలివైన జలాంతర్గామి అందులో కూర్చుంటుంది. పైన నౌక ఎంత ఖరీదైనదైనా దానికి ఏమీ వినపడదు.

ఉదయగిరి ఒంట్లో ఉన్న రెండు స్వభావాలకు కారణం ఇదే. తొందరగా పోవాల్సినప్పుడు రెండు గ్యాస్ టర్బైన్లు పనిచేస్తే వేగం 28 నాట్లు దాటుతుంది. వినాల్సినప్పుడు టర్బైన్లు ఆపేసి డీజిల్ ఇంజిన్లతో సాగుతుంది. ఆ ఇంజిన్ల అదురు అడుగు రేకుకు, అక్కణ్నుంచి నీటికి పాకకుండా మెత్తటి ఆసరాల మీద కూర్చోబెడతారు. ముక్కు అడుగున సోనార్ ఉబ్బు ఉంటుంది. కొచ్చి ప్రయోగశాలలో రూపుదిద్దుకుని, భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన ‘హంసా’ సోనార్ తరం అది. పొర కింద దాక్కున్నదాని సంగతి తేల్చాలంటే మాత్రం నౌక చాలదు. హెలికాప్టర్ ఎగిరి వెళ్లి, తీగకు కట్టిన సోనార్‌ను ఆ పొర దాటించి కిందికి దించాలి. అందుకే వెనక డెక్ మీది హ్యాంగర్ బ్రహ్మోస్ గొట్టాల కన్నా ముఖ్యమైనదని జలాంతర్గామి వేట తెలిసినవాళ్లు చెబుతారు.

హైదరాబాదు ఉక్కు, విశాఖ తొట్టె

ఉదయగిరి, హిమగిరి ఉన్న ఈ కొత్త తరగతి నౌకల్లో దాదాపు 75 శాతం దేశీయమని ప్రభుత్వం చెబుతోంది. అందులో తెలుగు నేలకు ఉన్న వాటా పేరు ఒక్కటే కాదు. ఒకప్పుడు యుద్ధనౌకల ఉక్కు రష్యా నుంచి వచ్చేది. హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహపరిశోధన సంస్థ ‘డీఎంఆర్ 249ఏ’ అనే ఉక్కును తయారుచేసే పద్ధతి కనిపెట్టింది. పేరులోని మొదటి మూడక్షరాలూ ఆ సంస్థవే. ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కర్మాగారాలు దాన్ని పోతపోస్తున్నాయి. ఇదే ఉక్కు విమానవాహక నౌక విక్రాంత్‌కూ వాడారు. ఉదయగిరి మోసే, విమానాలను, క్షిపణులను కూల్చే ఆ 32 క్షిపణుల తరహాను ఇజ్రాయెల్‌తో కలిసి రూపొందించింది హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్. తయారీ భారత్ డైనమిక్స్‌ది. బ్రహ్మోస్‌ను కూర్చే పని కూడా హైదరాబాదులో జరుగుతుంది.

ఇక విశాఖలో 1969 నుంచి పనిచేస్తున్న నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ గురించి ఊళ్లోవాళ్లకే సగం తెలియదు. టోర్పెడోలు, టోర్పెడోలను తప్పుదోవ పట్టించే నకిలీ శబ్దయంత్రాలు అక్కడివే. అక్కడ సుమారు 500 మీటర్ల పొడవున నీటితొట్టె ఉంది. కట్టబోయే నౌక నమూనాను అందులో లాగి, నీరు ఎక్కడ అడ్డుపడుతోందో, చోదకచక్రం ఎక్కడ రొద చేస్తోందో ముందే పట్టుకుంటారు.

కట్టే తీరు కూడా మారింది. వెన్నుబద్ద నుంచి ఒక్కో రేకూ అతుక్కుంటూ పోకుండా, పైపులూ కేబుళ్లూ ముందే బిగించిన పెద్దపెద్ద ముక్కలుగా తయారుచేసి రేవులో కలుపుతారు. ఈ తరగతిలో మొదటిదైన కొత్త నీలగిరికి జలప్రవేశం నుంచి అప్పగింత దాకా అయిదేళ్లకు పైగా పట్టింది. 2022 మే 17న నీళ్లలో దిగిన ఉదయగిరి 37 నెలల్లో చేతికొచ్చింది.

ఇంకా కుదరనివి

హెలికాప్టర్ల దగ్గర మన నౌకాదళం చాలాకాలం వెనకబడింది. సీకింగ్‌లు ముసలివైపోయాయి. కొత్తవి కొనడం ఏళ్ల తరబడి సాగింది. పెద్ద హ్యాంగర్లున్న నౌకలు కూడా చిన్న చేతక్‌లతో సరిపెట్టుకుని తిరిగాయి. అమెరికా నుంచి 24 ఎంహెచ్-60ఆర్‌లకు 2020లో ఒప్పందం కుదిరితే, వాటి మొదటి దళం 2024 మార్చిలో కొచ్చిలో మొదలైంది. విమానవాహక నౌకలు, డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు అన్నింటికీ పంచాల్సినవి ఆ 24. కొత్త కొండనౌకలు ఏడు. ఒక్కోదానికి రెండు చొప్పున అనుకున్నా వాటికే 14 కావాలి. లెక్క ఎక్కడ తెగుతుందో ఎవరికైనా తెలుస్తుంది.

యంత్రాలుంటే చాలదని ఇతర దేశాల అనుభవాలూ చెబుతున్నాయి. 2018లో నార్వే ఫ్రిగేట్ ‘హెల్గే ఇంగ్‌స్టాడ్’ తెల్లవారుజామున దీపాలు వెలుగుతున్న చమురు ట్యాంకర్‌ను ఒడ్డున కదలకుండా ఉన్నదేదో అనుకుని, రేడియోలో హెచ్చరిస్తున్నా దారి మళ్లక ఢీకొట్టి మునిగింది. 2024 ఫిబ్రవరిలో ఎర్రసముద్రంలో జర్మన్ ఫ్రిగేట్ ‘హెస్సెన్’ పొరపాటున మిత్రదేశం అమెరికా డ్రోన్ మీదకే రెండు క్షిపణులు వదిలింది. సాంకేతిక లోపంతో అవి సముద్రంలో పడటం వల్ల డ్రోన్ బతికింది. మన ముంగిట చూస్తే, అదే ఏడాది జూలైలో ముంబయి రేవులో మరమ్మతులో ఉన్న ఐఎన్‌ఎస్ బ్రహ్మపుత్రలో మంటలు లేచాయి. ఆర్పాక అది ఒక పక్కకు ఒరిగిపోయింది. ఓ యువ నావికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. శత్రువనేవాడే లేని చోట జరిగిన నష్టమది.

దేశీయం కాని ఆ నాలుగో వంతులో ఏముందో కూడా చూడాలి. అక్కడున్నది గుండెకాయ. ఉదయగిరి టర్బైన్లు అమెరికాకు చెందిన జీఈ కంపెనీ ‘ఎల్‌ఎం 2500’లు, బెంగళూరులో హెచ్‌ఏఎల్ కూర్చినవి. తేజస్ విమానం కోసం మొదలుపెట్టిన కావేరి ఇంజిన్‌ను ఓడలకు పనికొచ్చేలా మార్చి, విశాఖ నేవల్ డాక్‌యార్డులోని పరీక్ష వేదిక మీద 2000ల చివర్లో నడిపి చూశారు. అది 12 మెగావాట్ల శక్తినిచ్చింది. ఇంత పెద్ద ఫ్రిగేట్‌ను పరుగెత్తించే ఒక్కో టర్బైన్ నుంచి 20 మెగావాట్లకు పైనే రావాలి. కావేరి ఏ యుద్ధనౌకలోకీ ఎక్కలేదు. నీలగిరి నుంచి మహేంద్రగిరి దాకా ఏడింటికీ అమెరికన్ టర్బైన్లే.